డైవర్జెంట్ రెండో భాగం ఎందుకు తేలిపోయింది?

ప్రశ్న
రాసినవారు: రాయగడ టీచర్

అందరికీ నమస్కారం. ఒడిశాలోని రాయగడలో ఇంటి దగ్గర ప్లస్ టూ పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. వారి చెవికి ఆ భాష అలవాటు కావాలని, వయసుకు తగిన సినిమా ఒకటి అప్పుడప్పుడు సబ్‌టైటిల్స్‌తో వేసి, చూశాక దాని మీద మాట్లాడిస్తుంటాను. ఈ వేసవిలో 2014 నాటి డైవర్జెంట్, దాని తర్వాత 2015లో వచ్చిన ఇన్సర్జెంట్ చూపించాను. ఈ రెండింటికీ నాకు కనబడిన తేడా గురించే అడుగుతున్నాను. కథంతా చెప్పుకోక తప్పదు కాబట్టి, సినిమాలు చూడనివారు ఇక్కడే ఆగడం మంచిది.

మొదటి భాగం పిల్లలకు బాగా పట్టింది. చుట్టూ గోడ కట్టుకున్న షికాగో నగరంలో మనుషులు ఐదు వర్గాలుగా బతుకుతుంటారు. త్యాగానికి ఒకటి, ధైర్యానికి ఒకటి, జ్ఞానానికి ఒకటి, సత్యానికి ఒకటి, శాంతికి ఒకటి. పదహారో ఏట ప్రతి ఒక్కరికీ ఒక పరీక్ష పెడతారు. నీవు ఏ వర్గానికి సరిపోతావో ఆ పరీక్ష చెబుతుంది కాని, మర్నాడు సభలో నిలబడి ఎంచుకోవలసింది మాత్రం నీవే. త్యాగవర్గంలో పుట్టిన బియాట్రిస్ అనే అమ్మాయికి పరీక్ష ఏదీ తేల్చలేకపోతుంది. ఆమె మూడు వర్గాలకు సరిపోతుంది, అది ఆ రాజ్యంలో ప్రాణం మీదికి వచ్చే విషయం. సభలో ఆమె అన్న కేలబ్ ముందుగా వెళ్లి జ్ఞానవర్గాన్ని ఎంచుకుంటాడు. వెనువెంటనే ఆమె వంతు. అరచేతిని కత్తితో కోసుకుని, ఏ పాత్ర మీద చేయి చాపాలో తెలియక ఒక క్షణం తడబడుతుంది. ఆ రక్తపు చుక్క ధైర్యవర్గం వారి నిప్పుల మీద పడి చుయ్యిమంటుంది. అంతటితో ఆ తల్లిదండ్రులకు ఒక్క పూటలో ఇద్దరు పిల్లలూ పరాయివారైపోతారు.

ఈ సన్నివేశం అయిపోయాక నేను అడగకుండానే పిల్లలు మాట్లాడటం మొదలుపెట్టారు. వీరిలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇద్దరు ముగ్గురికి అమ్మమ్మగారి ఊరు పార్వతీపురం వైపు, నాన్నగారి ఊరు గుణుపురం వైపు. "మూడింటికి సరిపోతే తెలివి ఎక్కువ ఉన్నట్టు కదా టీచర్, దాన్ని లోపమని ఎందుకంటున్నారు?" అని ఒక అమ్మాయి అడిగింది. పదో తరగతి తర్వాత సైన్సు తీసుకోవాలో ఆర్ట్స్ తీసుకోవాలో తేల్చుకోలేక ఇంట్లో వాదులాడుకున్న కుర్రాడు ఆ సభ గురించి చాలాసేపు మాట్లాడాడు.

రెండో భాగం చూశాక అదే పిల్లలు "గ్రాఫిక్స్ బాగున్నాయి టీచర్" అని ఊరుకున్నారు. నేను గుచ్చి గుచ్చి అడిగినా అంతకు మించి ఒక్క మాటా రాలేదు. నటీనటులు వారే, పాత్రలు అవే, ఖర్చు ఇంకా ఎక్కువే పెట్టినట్టు తెరమీద స్పష్టంగా కనబడుతోంది. మరి లోపం ఎక్కడుంది? దర్శకుడు నీల్ బర్గర్ స్థానంలో రాబర్ట్ ష్వెంట్కే వచ్చినందువల్లనా? 3డీ కోసం కథను వంచినందువల్లనా? లేక వెరోనికా రాత్ రాసిన నవలలోనే రెండో భాగం బలహీనమా? ఆ నవలలు నేను చదవలేదు. మూడో భాగం చూపించవచ్చో లేదో కూడా ఎవరైనా చెబితే మేలు చేసినవారవుతారు.


సమాధానం 1
రాసినవారు: పర్లాకిమిడి చదువరి

టీచర్ గారికి నమస్కారం. నేను నవలలు చదివిన తర్వాతే సినిమాలు చూశాను. మీరు అడిగిన మూడు కారణాల్లో మూడోదాన్ని ముందుగా పక్కన పెట్టేయవచ్చు. 2012లో వచ్చిన ఆ రెండో నవల నడక అక్కడక్కడ మందగించిన మాట నిజమే కాని, అందులో గుండెకాయ లాంటి విషయం ఒకటుంది. సినిమా దాన్ని తీసి పక్కన పడేసి, ఆ చోట ఒక పెట్టెను పెట్టింది. అసలు దెబ్బ ఆ పెట్టె దగ్గరే తగిలిందని నా గట్టి అభిప్రాయం.

నవలలో ఆ పెట్టె లేనే లేదు. త్యాగవర్గం నాయకులు కాపాడుతూ వచ్చిన రహస్య సమాచారం ఒకటి ఉంటుంది. జ్ఞానవర్గం నాయకురాలు జనీన్ ఆ వర్గం మీద దాడి చేయించడానికి కారణం ఆ సమాచారమేనని ట్రిస్‌కు, అంటే ధైర్యవర్గంలో చేరి పేరు మార్చుకున్న బియాట్రిస్‌కు, మెల్లమెల్లగా తెలిసివస్తుంది. అది నాశనం కాకుండా జనానికి చేరాలంటే ఆమె మార్కస్‌తో చేతులు కలపాలి. మార్కస్ ఎవరు? ట్రిస్ ప్రేమించిన ఫోర్‌ను చిన్నతనంలో బెల్టుతో కొట్టిన తండ్రి. ఫోర్‌కు చెబితే ఒప్పుకోడు, చెప్పకపోతే అతని నమ్మకాన్ని తన చేతులతో తానే తెంచుకున్నట్టు. ఆమె చెప్పకుండానే వెళుతుంది. ఈ కథ మొత్తం ఎంపిక గురించి కదా, మొదటి భాగంలో కన్నవారిని వదులుకునే ఎంపిక ఎంత బరువైనదో ఇక్కడ ప్రేమించినవాణ్ణి మోసగించే ఎంపిక అంత బరువైనది. సినిమాలో మార్కస్‌ను నామమాత్రంగా చూపించి వదిలేశారు, ఆ ఎంపిక అసలు ఎదురే కాలేదు.

దానికి బదులు సినిమా ఏం చేసిందో చూడండి. ట్రిస్ తల్లిదండ్రుల ఇంట్లో ఐదు వర్గాల గుర్తులున్న ఒక పెట్టె దొరుకుతుంది. ఐదు భ్రమల పరీక్షలనూ నెగ్గగల డైవర్జెంట్, అంటే ఒకటికి మించిన వర్గాలకు సరిపోయే మనిషి, మాత్రమే దాన్ని తెరవగలరు. అందుకని జనీన్ మనుషులు చేతిలో ఒక యంత్రం పట్టుకుని ఒక్కొక్కరినీ కొలుస్తూ తిరుగుతారు, ఆ యంత్రం ఎవరు ఎంత శాతమో చెబుతుంది. ట్రిస్ దగ్గరికి వచ్చేసరికి నూటికి నూరు చూపిస్తుంది. టీచర్ గారూ, మీ పిల్లల నోళ్లు మూతపడింది ఇక్కడేనని నేను అనుకుంటున్నాను. మొదటి భాగంలో యంత్రం చేతులెత్తేసింది కాబట్టి ఆ అమ్మాయి తనంతట తాను తేల్చుకోవలసి వచ్చింది, ఆమె గొప్పతనమంతా ఆ తేల్చుకోవడంలో ఉంది. రెండో భాగంలో యంత్రమే ఆమె విలువను అంకెలో చెప్పేసింది. ఇక ఆమె పుట్టుకతోనే గొప్పది, చేయవలసిందల్లా తీగలకు వేలాడుతూ ఒక్కో గుర్తూ వెలిగేదాకా పరీక్ష నెగ్గుతూ పోవడమే. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడే పిల్ల ఆ తడబడే అమ్మాయిలో తనను చూసుకోగలదు. నూటికి నూరు వచ్చిన అమ్మాయిలో ఏం చూసుకుంటుంది?

రెండోది విల్ సంగతి. మొదటి భాగం చివర మత్తుమందు వశంలో ఉన్న స్నేహితుడు విల్ తన మీదికి తుపాకి గురిపెడితే ట్రిస్ అతన్ని కాల్చి చంపుతుంది. అతడు ఆమె ప్రాణస్నేహితురాలు క్రిస్టినా ప్రేమించిన కుర్రాడు. నవలలో ఆ తర్వాత ట్రిస్ తుపాకి పట్టుకోలేదు. చేయి వణుకుతుంది, ఊపిరి అందదు. ధైర్యవర్గంలో చేరిన పిల్ల ఆయుధం ముట్టుకోలేని స్థితిలో యుద్ధం మధ్యలో తిరుగుతూ, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక దాచుకుంటూ ఉంటుంది. నవల ట్రిస్ నోటితోనే నడుస్తుంది కాబట్టి ఆ భయం ప్రతి పేజీలోనూ పాఠకుడికి తగులుతూనే ఉంటుంది. సినిమా దాన్ని కొన్ని పీడకలలకూ ఒక ఒప్పుకోలు సన్నివేశానికీ కుదించింది. పీడకల నుంచి ఉలిక్కిపడి లేచిన అమ్మాయి తర్వాతి సన్నివేశంలో చక్కగా పరుగెత్తి పోరాడుతుంటే చూసేవారికి బాధ ఎక్కడ అంటుతుంది?


సమాధానం 2
రాసినవారు: జయపురం వాసి

చదువరి గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను కాని, ఆ ఒప్పుకోలు సన్నివేశాన్ని అంత తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. సత్యవర్గం వారి సభలో అందరి ఎదుటా ట్రిస్‌కు నిజం చెప్పించే మందు ఎక్కిస్తారు. మొదట ఆమె ఆ మందుతో పెనుగులాడుతుంది, ఏ మాటా బయటికి రానివ్వకూడదని పళ్లు బిగబడుతుంది, చివరకు విల్‌ను చంపింది తానేనని ఏడుస్తూ చెప్పేస్తుంది. కెమెరా ట్రిస్‌గా నటించిన షైలీన్ వుడ్లీ ముఖం మీదనే నిలిచి ఉంటుంది. క్రిస్టినా ఆ గుంపులోనే నిలబడి వింటుంటుంది. గ్రాఫిక్స్ లేవు, పరుగులు లేవు, అయినా సినిమా మొత్తంలో నా మనసుకు పట్టిన ఘట్టం అదే. ఇలా తీయడం ఆ దర్శకుడికి చేతనవునని ఇది రుజువు చేస్తోంది, అందువల్లనే మిగతాది చూసినప్పుడు మరింత బాధ కలుగుతుంది.

జనీన్‌గా నటించిన కేట్ విన్స్‌లెట్‌ను కూడా చెప్పుకోవాలి. జనీన్ ఎప్పుడూ గొంతు పెంచదు. మనుషులను చంపించే ఆజ్ఞను కూడా తరగతిలో పాఠం చెబుతున్నట్టు నెమ్మదిగా ఇస్తుంది. అలాంటి నటి చేతిలో ఉండగా ఆమెను అద్దాల గది అవతల నిలబెట్టి, ఎంతసేపూ తెర మీద అంకెలు చూస్తుండమన్నారు.


సమాధానం 3
రాసినవారు: సిరోంచ నుండి ఒక సోదరి

నేను మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచలో ఉంటాను. ప్రాణహిత దాటితే తెలంగాణ. మా వైపు పిల్లలు మరాఠీ బడిలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడతారు కాబట్టి, టీచర్ గారి విద్యార్థులు ఆ ఎంపిక సభకు ఎందుకంత కదిలిపోయారో నాకు బాగా అర్థమైంది.

దర్శకుడు మారడమే కారణమా అన్న ప్రశ్నకు ఒక పోలికతో జవాబు చెప్పవచ్చు. ఇదే కోవకు చెందిన హంగర్ గేమ్స్ మొదటి సినిమాను 2012లో గ్యారీ రాస్ తీశారు. 2013లో వచ్చిన రెండో సినిమా క్యాచింగ్ ఫైర్‌కు ఫ్రాన్సిస్ లారెన్స్ దర్శకుడు. అంటే అక్కడా దర్శకుడు మారారు, స్క్రీన్‌ప్లే రాసినవారూ మారారు, ఖర్చూ పెరిగింది. అయినా రెండోది మొదటిదానికంటే బలంగా వచ్చింది. కాబట్టి మార్పు ఒక్కటే సినిమాను చెడగొట్టిందని అనలేము.

ఆ సినిమా ఎలా మొదలవుతుందో గుర్తు తెచ్చుకోండి. పిల్లలు ఒకరినొకరు చంపుకోవలసిన పోటీలో నెగ్గి ఇంటికి వచ్చిన కథానాయిక కాట్నిస్ అడవిలో వేటాడుతూ ఒక టర్కీ కోడి మీద బాణం వేస్తుంది. బాణం తగిలిన క్షణంలో ఆమె కంటికి అక్కడ కోడి కనబడదు, పోటీలో తాను చంపిన కుర్రాడు కనబడతాడు. ఆమె కెవ్వుమంటుంది. ఇక ఆ తర్వాత సినిమాలో ఎన్ని హంగులున్నా, చంపి బతికిన మనిషి కథ చూస్తున్నామన్న ఎరుక ప్రేక్షకుడిని వదలదు. ఇన్సర్జెంట్‌కు కూడా సరిగ్గా అదే ముడిసరుకు ఉంది. ట్రిస్ కూడా చంపి బతికిన పిల్లే, పైగా చంపినది స్నేహితుణ్ణి. ఒకే సరుకుతో ఒకరు కథ నడిపారు, ఇంకొకరు దాన్ని పక్కన పెట్టి బొమ్మలు చూపించారు.

ఇంకొక సన్నివేశం కూడా చెబుతాను. విజేతల యాత్రలో కాట్నిస్ పదకొండో జిల్లాకు వెళ్లి, పోటీలో చనిపోయిన చిన్నపిల్ల రూ గురించి నాలుగు మాటలు మాట్లాడుతుంది. గుంపులో నుంచి ఒక ముసలాయన ఈల వేసి మూడు వేళ్లు పైకెత్తుతాడు. అందరూ ఎత్తుతారు. సైనికులు ఆ ముసలాయన్ను వేదిక మీదికి లాక్కొచ్చి కాల్చేస్తారు. ఆమె మంచి మాట ఒక ప్రాణం తీసింది. ప్రభుత్వం ఎంత క్రూరమైనదో, ఆ క్రూరత్వం మధ్య నోరు తెరవడం ఎంత ఖరీదైన పనో ఆ కొద్ది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇన్సర్జెంట్‌లో జనీన్ పాలన కింద మామూలు మనుషులు ఎలా బతుకుతున్నారో మనకు తెలిసేది చాలా తక్కువ. ఏ వర్గంలోనూ చోటు లేనివారు ఏం తింటున్నారు, పిల్లలను ఎక్కడ పడుకోబెడుతున్నారు? వారి నాయకురాలు ఎవెలిన్ స్థావరంలో అడుగుపెట్టిన చోట కెమెరా కాసేపు నిలిచి ఉంటే చాలు, కాని వెంటనే తర్వాతి పోరాటానికి పరుగెడుతుంది. మొదటి సినిమా నిడివి 139 నిమిషాలు, రెండోదానిది 119. ఆ తగ్గిన ఇరవై నిమిషాల్లో పోయినవి ఇలాంటివేనని నాకనిపిస్తుంది.


టీచర్ గారి స్పందన
రాసినవారు: రాయగడ టీచర్

ఇంత ఓపికగా రాసినందుకు ముగ్గురికీ ధన్యవాదాలు. పెట్టె గురించి చదువరి గారు చెప్పినది చదివాక మళ్లీ చివరి భాగం చూశాను. ఒక సందేహం మిగిలింది. ఐదో పరీక్ష, అంటే శాంతివర్గం పరీక్ష, ట్రిస్‌కు తన రూపంలోనే ఎదురవుతుంది. తనతో తానే తలపడి, చివరకు కొట్టడం మానేసి తనను తాను క్షమించుకుంటేనే పెట్టె తెరుచుకుంటుంది. విల్‌ను చంపిన బాధకు సినిమా ఆ విధంగా ముగింపు పలికినట్టే కదా? పెట్టె కథను మింగేసిందని అనడం కంటే, ఆ బాధను పెట్టెలోకి మళ్లించారని అనుకోవచ్చా?


సమాధానం 4
రాసినవారు: పర్లాకిమిడి చదువరి

మీరు పట్టుకున్నది మంచి విషయం, టీచర్ గారూ. రచయితలు అలాగే అనుకుని రాసి ఉంటారని నేనూ ఒప్పుకుంటాను. ఆ ఆలోచనలో తప్పు లేదు. కాని ఆ క్షమాపణ ఎక్కడ జరుగుతోంది? మత్తులో కనబడే ఒక భ్రమలో జరుగుతోంది. క్షమించేది ఎవరు? ఆమే. నష్టపోయినది మాత్రం క్రిస్టినా. ప్రేమించినవాణ్ణి పోగొట్టుకున్నది, ఆ నిజాన్ని నలుగురిలో వినవలసి వచ్చింది ఆమె. నవలలో ఆ స్నేహం చాలాకాలం విరిగిపోయే ఉంటుంది. ఒకరి పక్కన ఒకరు నడవక తప్పని పరిస్థితుల్లో, మాట మాటకూ ముల్లు గుచ్చుకుంటూ, కొద్దికొద్దిగా అతుక్కుంటుంది. సినిమాలో క్రిస్టినా కోపం కొద్ది సన్నివేశాల్లోనే సర్దుకుపోతుంది. ఎదుటి మనిషితో తేల్చుకోవలసినదాన్ని అద్దంలోని బొమ్మతో తేల్చుకుంటే ఐదో గుర్తు వెలగవచ్చు గాని, చూసేవారికి ఆ ముడి విడినట్టు అనిపించదు.

మీరు వీలు చేసుకుని ఒక పని చేసి చూడండి. జయపురం వాసి గారు చెప్పిన సత్యవర్గం సభ ఒక్కటే మళ్లీ వేసి, అక్కడ సినిమా ఆపేసి, ఇప్పుడు క్రిస్టినా ఏం చేయాలని పిల్లలను అడగండి. మొదటి భాగానికి మాట్లాడినట్టే దీనికీ మాట్లాడతారని నా నమ్మకం.


సమాధానం 5
రాసినవారు: జయపురం వాసి

మూడో భాగం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. చూపించవద్దు. మూడో నవలను రెండు సినిమాలుగా చీల్చి, మొదటి సగాన్ని 2016లో అలీజియంట్ పేరుతో విడుదల చేశారు. రెండో సగం 2017లో రావలసి ఉండగా, దాన్ని థియేటర్ల కోసం తీయడం మానుకున్నారు, టెలివిజన్‌కు తీస్తామన్న ఆలోచన కూడా నిలిచిపోయింది. అంటే ఆ సినిమా చూసిన పిల్లలకు కథ నడిమధ్యలో తెగిపోతుంది, దాని ముగింపు తెర మీద ఎక్కడా దొరకదు.

వసూళ్ల లెక్క చూస్తే కూడా మన చర్చకు సంబంధించిన విషయం ఒకటి తేలుతుంది. ప్రపంచమంతా కలిపి మొదటి సినిమాకు దాదాపు 29 కోట్ల డాలర్లు, రెండోదానికి దాదాపు 30 కోట్ల డాలర్లు వచ్చాయి. పైకి చూస్తే రెండోది బాగానే ఆడినట్టు ఉంటుంది. కాని అమెరికాలో మాత్రం మొదటిదానికి సుమారు 15 కోట్లు వస్తే రెండోదానికి సుమారు 13 కోట్లే వచ్చాయి. అలీజియంట్ అక్కడ 7 కోట్లు కూడా దాటలేదు, ప్రపంచమంతా కలిపినా 18 కోట్ల లోపే. సొంత ప్రేక్షకులు రెండో భాగంతోనే జారిపోవడం మొదలైందన్నమాట. బయటి దేశాల డబ్బు ఆ జారుడును కనబడనివ్వలేదు. నిర్మాతలు అప్పుడే ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది. అదే దర్శకుడితో మూడోదాన్ని కూడా తీయించి, ఏడాది తిరగకుండా విడుదల చేశారు.

పిల్లలకు కథ పూర్తి కావాలంటే నవలలే ఇవ్వండి టీచర్ గారూ. ఇంగ్లీషు నేర్చుకునేవారికి అవి చక్కగా పనికివస్తాయి. వాక్యాలు పొట్టిగా ఉంటాయి, ట్రిస్ తన కథను వర్తమానంలో చెప్పుకుంటూ పోతుంది, అర్థం కాని మాటలు తక్కువ. 2013లో వచ్చిన మూడో నవలలో మాత్రం ఒక అధ్యాయం ట్రిస్ చెబితే మరొకటి ఫోర్ చెబుతాడు కాబట్టి, ఎవరు మాట్లాడుతున్నారో అధ్యాయం తలమీద ఉన్న పేరు చూసుకోవాలని ముందే చెప్పండి. ముగింపు నేను చెప్పను. అది చాలామంది పాఠకులకు కోపం తెప్పించింది, నాకు మాత్రం ఈ కథకు తగినదే అనిపించింది. మీ పిల్లలు చదివాక ఏమన్నారో ఇక్కడ రాస్తే సంతోషిస్తాను.